బ్యూకెలార్ చేపల బజారుకు నకలు తీస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడం: కొలతలు, నూనెలు, చేపల మెరుపు, వానాకాలం

కావలి_కుంచె

అందరికీ నమస్కారం. పెన్సిల్, వాటర్ కలర్ చేయి తిరిగినవే, ఆయిల్ మాత్రం కొత్త. ఒక పాత బజారు బొమ్మకు నకలు తీస్తూ నేర్చుకుందామని యోకిమ్ బ్యూకెలార్ వేసిన చేపల బజారు ఎంచుకున్నాను. 1569 నాటిది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. భూమి, నీరు, గాలి, నిప్పు అని ఆయన వేసిన నాలుగు పెద్ద బొమ్మల్లో 'నీరు' ఇదే. ముందు భాగమంతా చేపలు, అమ్మేవాళ్లు. వెనక వీధి, కమానులోంచి దూరంగా నీళ్ల ఒడ్డున క్రీస్తు.

రెడీమేడ్ 18×24 అంగుళాల కాన్వాస్ సరిపోతుందా? హార్డ్‌వేర్ షాపులో దొరికే లిన్‌సీడ్ (అవిసె నూనె), టర్పెంటైన్ వాడొచ్చా? ముందు నుంచి మొదలుపెట్టాలా, వెనక నుంచా? చేపల వెండి మెరుపు ఎట్లా వస్తుంది? అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పూర్తి చేయడం కుదిరే పనేనా?

ట్రంకురోడ్డు_బొమ్మలు

మంచి బొమ్మ పట్టుకున్నారన్నా. ముందు కొలత సంగతి. అసలు బొమ్మ ఎత్తు 158.1, వెడల్పు 214.9 సెంటీమీటర్లు. అంటే ఎత్తు వెడల్పులో 0.736 వంతు. మీ 18×24లో అది 0.75. తేడా చిన్నదేగానీ పట్టించుకోకుండా నాలుగు అంచులకూ సరిపెడితే మనుషులంతా నిలువునా కొంచెం సాగుతారు. 24 అంగుళాల వెడల్పుకు ఎత్తు 17.66 అంగుళాలే రావాలి. కింద 8, 9 మిల్లీమీటర్ల పట్టీ వదిలి గీత కొట్టండి. బొమ్మ ఆ గీత పైనే. వదిలిన పట్టీ చాలావరకు ఫ్రేమ్ గాడిలోకి పోతుంది.

గళ్లు కట్టడానికి లెక్క: ఏ3 షీటు మీద బొమ్మ 36 సెంటీమీటర్ల వెడల్పుకు ప్రింటు తీయించండి, ఎత్తు 26.5 వస్తుంది. జిరాక్సు షాపులో 'ఫిట్ టు పేజ్' పెట్టనీయబాకండి, కొలత మారిపోతుంది. ప్రింటు మీద 3 సెంటీమీటర్ల గళ్లు, కాన్వాస్ మీద 2 అంగుళాల గళ్లు. రెండింటిలోనూ అడ్డంగా 12 గళ్లు, నిలువుగా 9 వస్తాయి. తొమ్మిదో వరస రెండుచోట్లా ఒకే పాళ్లలో కురచగా ఉంటుంది, కాబట్టి పై అంచు నుంచే లెక్కపెట్టుకుంటూ రావాలి.

కాన్వాస్ మీద పెన్సిల్‌తో గళ్లు గీయబాకండి. ఆయిల్ రంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకం అవుతుంది, కింద గీసిన గ్రాఫైట్ గీత పైకి కనపడుతుంది. అంచు చెక్కల్లో రెండేసి అంగుళాలకు ఒక గుండుసూది గుచ్చి ముదురు దారం లాగండి. బొగ్గుపుల్లతో గీత పని అయ్యాక దారం తీసేస్తే గళ్ల గుర్తే ఉండదు. ఆ బొగ్గు గీతల మీద టర్పెంటైన్‌తో పలచన చేసిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ మట్టిరంగు) సన్నకుంచెతో ఒకసారి తిప్పి, ఆరాక మిగిలిన బొగ్గు పొడిని మెత్తటి గుడ్డతో దులిపేయాలి. దులపకపోతే అదే పొడి లేత రంగుల్లో కలిసి మురికి చేస్తుంది.

ఒంగోలు_ఈజిల్

నూనెల గురించి గట్టిగా చెప్పాల్సిందే. హార్డ్‌వేర్ షాపులో తలుపులకు, కిటికీలకు అమ్మే 'డబుల్ బాయిల్డ్' లిన్‌సీడ్ బొమ్మకు వద్దు. తొందరగా ఆరడానికి అందులో డ్రయ్యర్లు కలుపుతారు. ముదురు రంగు, బాగా పచ్చబడుతుంది, పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆర్ట్ షాపులో దొరికే రిఫైన్డ్ లిన్‌సీడ్ 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి ఇలాంటి బొమ్మకు మిగిలిపోతుంది.

టర్పెంటైన్ పేరుతో అక్కడ ఇచ్చేది ఎక్కువగా మినరల్ టర్పెంటైన్, అంటే పెట్రోలియం నుంచి తీసినది. కుంచెలు కడగడానికి అది చాలు, మొదటి పూత పలచన చేయడానికీ పనికొస్తుంది. కానీ వార్నిష్‌కు వాడే డమ్మర్ బంక అందులో సరిగ్గా కరగదు. దానికి పైన్ చెట్ల జిగురు నుంచి తీసిన అసలు గమ్ టర్పెంటైన్ కావాలి. ఏది వాడినా కిటికీలు తెరిచి పెట్టుకోండి.

గుడ్డ కూడా మీరు సొంతంగా బిగించుకుంటానంటే: 18×24కు 24×30 అంగుళాల డక్ కాటన్ (మందపాటి నూలు గుడ్డ) తీసుకోవాలి. మిల్లు గుడ్డకు గంజి ఉంటుంది, వేడినీళ్లలో జాడించి ఆరేసి ఇస్త్రీ చేశాకే బిగించాలి. చట్రం చెక్క లోపలి వైపు ఏటవాలుగా చిత్రిక పట్టమని వడ్రంగికి చెప్పండి. బల్లపరుపుగా ఉంటే గుడ్డ చెక్కకు తగిలి, ఆ అంచు బొమ్మ మీద గీతగా పడుతుంది. అక్రిలిక్ జెస్సో (రంగు వేసేముందు గుడ్డకు పూసే తెల్ల పూత) మూడు పూతలు. మొదటిది నాలుగో వంతు నీళ్లు కలిపి చిక్కటి మజ్జిగలా చేసి గుడ్డలోకి రుద్దాలి, రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా. రెండో పూత ఆరాక 220 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దండి. అద్దంలా నున్నగా చేయొద్దు, రంగు పట్టు దొరక్క ముద్దలు కడుతుంది. చివరి పూత తర్వాత మూడు రోజులు ఆగి ఆయిల్ మొదలుపెట్టాలి.

వడ్రంగి జిగురుతో సైజింగ్ చేసే, అంటే జెస్సోకు ముందు గుడ్డకు జిగురు పట్టించే అలవాటు మన వైపు ఉంది. తేమకు మెత్తబడుతుంది, కొన్నేళ్లకు పచ్చబడుతుంది. మానేయండి.

పినాకిని

నా మాట వేరు. మొత్తం బొమ్మ మొదటిసారే ఎత్తుకోవద్దు. అసలు బొమ్మతో పోలిస్తే 24 అంగుళాల కాన్వాస్ 0.28 వంతు. అసలులో ఒక జానెడు చేప మీ దగ్గర రెండున్నర అంగుళాలు. కమాను అవతలి మనుషులు కొద్ది మిల్లీమీటర్లు. అంటే ఒకే కాన్వాస్ మీద రెండు వేర్వేరు పనులు: ముందు చేపల్లో రంగును రంగులోకి కలపడం, వెనక ఒక్కో మనిషిని రెండు మూడు తాకిళ్లతో ముగించడం. ఆయిల్ ఇంకా చేతికి రాని దశలో రెండూ కలిపి పెట్టుకుంటే వెనక భాగం అతి వివరంగా, ముందు భాగం అరకొరగా మిగులుతుంది. నకళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

అందుకని 10×12 అంగుళాల ముక్క మీద ముందు భాగంలో ఒక మూల మాత్రం తీసుకోండి: ఒక పళ్లెం, మూడు నాలుగు చేపలు, ఒక చేయి, వెనక కొంచెం గోడ. అందులో మెరుపు ఉంది, చర్మం ఉంది, దూరం ఉంది. అది కుదిరాక పెద్దది. ముక్కకూ మొత్తానికీ ఒకే రంగులు, ఒకే వరస వాడితే పెద్దదానిలో వెతుక్కోవాల్సింది తక్కువ.

కావలి_కుంచె

పినాకిని గారూ, ముక్కతోనే మొదలుపెడతాను. ఒంగోలు అన్నా, గుడ్డ రెడీమేడ్‌దే తీసుకుంటాను, మీ జెస్సో లెక్క పెద్దదానికి ఉంచుకుంటా. రంగుల జాబితా, ఏ పూత ఎప్పుడు అన్నది కూడా చెప్పండి.

పినాకిని

రంగు ముట్టుకోకముందు మార్కాపురం పలక ఒకటి, సుద్దముక్క ఒకటి తీసుకోండి. టోన్ అంటే రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది. పలక నలుపు మీ ముదురు టోన్, సుద్ద గట్టిగా రుద్దితే లేత టోన్, వేలితో సగం చెరిపితే నడిమి టోన్. మూడే టోన్లలో ఆ మూలను వేయండి. చెరపడం తేలిక కాబట్టి అక్షరాలా పదిసార్లు మార్చొచ్చు. చేపలు విడివిడిగా కనిపించకూడదు. లేత ముద్ద ఎక్కడ, ముదురు ముద్ద ఎక్కడ అన్నదే కనిపించాలి. బ్యూకెలార్ అంత సరుకు కుమ్మరించినా కళ్లు చెదరవు. చేపలన్నీ కలిసి కొన్ని పెద్ద లేత ఆకారాలవుతాయి, సందుల్లో ముదురు కలిసిపోతుంది. నకలు తీయడంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. ఒక్కో చేపనూ చూసి వేస్తే పది చేపలొస్తాయి, బజారు రాదు.

తర్వాత కాన్వాస్‌కు రంగుపూత. బర్న్ట్ అంబర్, కొంచెం యెల్లో ఓకర్, టర్పెంటైన్‌తో బాగా పలచన చేసి పూసి, గుడ్డతో తుడిచేయాలి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. నడిమి టోన్ మీద లేతా ముదురూ రెండూ సరిగ్గా తెలుస్తాయి.

అది ఆరాక అండర్ పెయింటింగ్, అంటే రంగులకు ముందు లేతా ముదురూ తేల్చుకునే కింది పూత: రా అంబర్, తెలుపు, టర్పెంటైన్. నూనె ఒక్క చుక్క వద్దు. ముదురు చోట్లు పలచగా, లేత చోట్లు కొంచెం మందంగా. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి తొందరగా ఆరుతుంది. తెలుపు కలిసినచోట మూడు నాలుగు రోజులు పడుతుంది.

వెనకా ముందా అని అడిగారు. వెనక నుంచే. కమాను అవతలి లేత నీలం బూడిద, పక్క గోడలు, మనుషుల బట్టలు, ముఖాలు చేతులు, చివరికి చేపలు. వెనకది పచ్చిగా ఉండగానే ముందున్న అంచు దాని మీద పడితే కత్తిరించి అతికించినట్టు ఉండదు.

ఒంగోలు_ఈజిల్

రంగులు: టైటానియం వైట్ పెద్ద ట్యూబు, మిగతావి 20 మిల్లీలీటర్లవి చాలు. యెల్లో ఓకర్, కాడ్మియం యెల్లో లైట్, కాడ్మియం రెడ్ లైట్, పర్మనెంట్ అలిజరిన్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, రా అంబర్, అల్ట్రామెరీన్, విరిడియన్, ఐవరీ బ్లాక్. మామూలు అలిజరిన్ ఎండకు వెలిసిపోతుంది, ట్యూబు మీద 'పర్మనెంట్' ఉన్నదే చూడండి. జింక్ వైట్ కింది పూతల్లో వద్దు. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగుళ్లు తెస్తుంది.

కుంచెలు: పంది వెంట్రుకల ఫ్లాట్ 8, 6, ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉన్న ఫ్లాట్) 4, సింథటిక్ రౌండ్ 2, 0. సున్నా నంబరుది చివరి రోజు దాకా బయటకు తీయకండి.

నూనె పాళ్లు: అండర్ పెయింటింగ్ టర్పెంటైన్‌తోనే. మొదటి రంగు పూతకు మూడు పాళ్లు టర్పెంటైన్, ఒక పాలు లిన్‌సీడ్. తర్వాతి పూతకు సగం సగం. ముగింపుకు రెండు పాళ్లు లిన్‌సీడ్, ఒక పాలు టర్పెంటైన్. ఏ పూతలోనూ ఈ మిశ్రమం రంగులో ఐదో వంతు దాటకూడదు. పైకి వెళ్లేకొద్దీ నూనె పెరగాలి, తగ్గకూడదు. కింద నూనె పూత ఇంకా కదులుతుండగా పైన నూనె తక్కువ పూత గట్టిపడితే పైపొర పగులుతుంది.

ట్రంకురోడ్డు_బొమ్మలు

ఆ కాలపు రంగులు వేరని మరవకండి. అప్పటి ఫ్లెమిష్ చిత్రకారుల దగ్గర సీసపు తెలుపు, సీసం-తగరం పసుపు, ఇంగిలీకం, లేక్ ఎరుపులు, అజురైట్ నీలం, మట్టి రంగులు ఉండేవి. మన టైటానియం తెలుపు సీసపు తెలుపు కన్నా చల్లన, కప్పే బలం చాలా ఎక్కువ. ట్యూబులోంచి నేరుగా వాడితే చర్మం సుద్ద కొట్టినట్టు ఉంటుంది. గోరంత ఓకర్ కలిపి పక్కన పెట్టుకుని, దాన్నే 'తెలుపు'గా వాడండి. పాత పసుపుకు కాడ్మియం యెల్లో లైట్, తెలుపు, కొంచెం ఓకర్. ఇంగిలీకానికి కాడ్మియం రెడ్ లైట్. అజురైట్‌కు అల్ట్రామెరీన్‌లో రవ్వంత విరిడియన్, తెలుపు.

రంగు కోసం ప్రింటును నమ్మబాకండి, అది గీతకే. రంగులు నేషనల్ గ్యాలరీ సైట్‌లో జూమ్ చేసి స్క్రీన్ మీద చూడండి. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపి, వెలుగు ఒకే మట్టంలో ఉంచాలి. స్క్రీన్ మీద రంగు వెలుతురుతో కనిపిస్తుంది గనక ఎప్పుడూ మన రంగుకన్నా లేతగానే ఉంటుంది. దాన్ని అందుకోవాలని తెలుపు పెంచుకుంటూ పోతే బొమ్మంతా పాలిపోతుంది. పక్కపక్క టోన్ల మధ్య తేడా అందుకుంటే చాలు.

సోమశిల_నీలం

చేపల సంగతి నేను చెప్తాను. వెండి అనే రంగు లేదు. నలుపు తెలుపు కలిపిన బూడిద వేస్తే చేప సీసపు ముక్కలా చచ్చుగా ఉంటుంది. తెలుపు, రా అంబర్, అల్ట్రామెరీన్ మూడింటితో రెండు బూడిదలు కలపండి: నీలం ఎక్కువైన చల్లటిది, అంబర్ ఎక్కువైన వెచ్చటిది. రెండూ ఒకే టోన్‌లో ఉండాలి. వెన్ను అల్ట్రామెరీన్, బర్న్ట్ అంబర్ ముదురు. వెన్ను నుంచి పక్కకు దిగేచోట చల్ల బూడిద. పొట్ట కింద, పళ్లెం చెక్క నుంచి వెలుగు తిరిగి తగిలేచోట వెచ్చ బూడిదలో రవ్వంత ఓకర్. వెన్ను, పక్క కలిసే గీత మీద మాత్రమే పొడి కుంచె ఒకసారి లాగండి. రెండోసారి లాగితే మూడు రంగులూ కలిసి బురద.

పొలుసులు ఒక్కొక్కటీ వేయొద్దు. వెలుగు నీడలోకి తిరిగేచోట ఉన్న నాలుగైదు వరసలే కంటికి తెలుస్తాయి. పూర్తి వెలుగులో, పూర్తి నీడలో పొలుసు కనపడదు. తడి మెరుపు చిట్టచివర, తెలుపులో గోరంత ఓకర్, నూనె కలపకుండా మందంగా ఒక తాకుడు. పెట్టి వదిలేయాలి, సవరించకూడదు. చేపకు రెండు మూడు మెరుపులు దాటితే అన్నీ కలిసి విలువ పోగొట్టుకుంటాయి.

కోసిన ముక్కల ఎర్రదనం: కాడ్మియం రెడ్ లైట్, తెలుపు, ఓకర్. నీడ వైపు అలిజరిన్, బర్న్ట్ సియన్నా. నీడలో నలుపు కలిపితే మాంసం కుళ్లినట్టు కనిపిస్తుంది.

మైపాడులోనో కొత్తపట్నంలోనో పొద్దున్నే చేపలు దించేటప్పుడు చందువ, కానాగంత పక్కపక్కన పెట్టి చూడండి. చందువ పక్కలు విశాలంగా ఒకే వెలుగు పట్టుకుంటాయి. కానాగంత గుండ్రటి ఒంటి మీద వెలుగు సన్నటి చారగా పరుగెత్తుతుంది. తడి ఆరగానే ఆ అంచుల పదును పోతుంది, కాబట్టి చూడాల్సింది వెంటనే చూడాలి. ఆ చేపలు ఆంట్వెర్ప్ బజారువి కావు నిజమే, కానీ వెలుగు వాలే తీరు అదే.

ఉదయగిరి_కోట

ఒక సందేహం. ఆ బొమ్మలో చేపల బల్లలు, పళ్లేలు చూసేవాడి వైపు బాగా వాలి ఉన్నట్టు, వెనక వీధి మాత్రం సరైన కోణంలో ఉన్నట్టు కనిపిస్తుంది. నకలులో దీన్ని సరిచేయాలా?

పినాకిని

సరిచేయవద్దు. సరుకంతా మనకు కనపడాలని ముందు భాగాన్ని వాల్చి చూపించడం ఆ తరం బజారు బొమ్మల పద్ధతి. బ్యూకెలార్ పని నేర్చుకున్న పీటర్ ఆర్ట్‌సెన్ బొమ్మల్లోనూ సరుకు ఇలాగే మన మీదికి వస్తుంది. వెనక కట్టడాల గీతలకు మాత్రం ప్రింటు మీద దారం పట్టి పొడిగించి చూడండి, అవి ఏ బిందువు దగ్గరికి పోతున్నాయో తెలుస్తుంది. ఆ బిందువును కాన్వాస్ మీద గుర్తు పెట్టుకుని కమాను, గోడలు దాన్నిబట్టి గీయండి. ముందు పళ్లేలను దానికి కట్టేయకండి, గళ్లను చూసి ఎలా ఉంటే అలా దించండి. పళ్లెం అంచు గుండ్రం ఎంత వెడల్పుగా తెరుచుకుందో కొలిచి మరీ వేయాలి. అలవాటు కొద్దీ చదునుగా వేస్తే అందులోని చేపలకు చోటుండదు.

ఉదయగిరి_కోట

మరి రెండో పూత ఆరాక ముదురు చోట్లు మెరుపు పోయి బూడిద పట్టినట్టు ఎందుకుంటాయి? అంబర్, నలుపు ఉన్నచోటే ఎక్కువ.

ఒంగోలు_ఈజిల్

కింది పొర నూనె పీల్చేసుకుంది. జెస్సో పీల్చే గుణం ఎక్కువైనా, టర్పెంటైన్ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. ఆ మసకను చూసి టోన్ తేల్చుకోకూడదు, ముదురు రంగు లేతగా అనిపించి ఇంకా నలుపు దట్టిస్తారు. రంగు పొడిగా ఆరాక లిన్‌సీడ్, టర్పెంటైన్ సగం సగం కలిపి, నూలు పోగులు రాలని గుడ్డతో ఆ చోట మాత్రం పలచగా రుద్ది, రెండు నిమిషాలాగి మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. అసలు టోన్ తిరిగి వస్తుంది, వెంటనే దాని మీద పని చేయొచ్చు. తుడవకుండా వదిలితే జిగట పొరై దుమ్ము పట్టి పచ్చబడుతుంది.

ముడతలు పడితే కారణం వేరు: నూనె ఎక్కువైన రంగు మందంగా పడి, పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండటం. అక్కడ కత్తితో గీకేసి మళ్లీ వేయడమే. కాడ్మియం రంగులు ఆరాక ఉప్పుకాగితంతో రుద్దొద్దు, ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు.

మైపాడు_అల

వాతావరణం మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ ఎండలో బొమ్మను డాబా మీద ఆరబెడితే పైపొర ముందే గట్టిపడి పైన చెప్పిన ముడతలే వస్తాయి. నీడలో, గాలి ఆడే గదిలో ఆరనివ్వండి. అలాగని చీకటి గదిలో గోడకు తిప్పి పెట్టకూడదు, లిన్‌సీడ్ చీకట్లో పచ్చబడుతుంది. అలా పచ్చబడింది వెలుతురులో కొన్ని రోజులుంచితే చాలావరకు తగ్గుతుంది.

మన జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ఒక్కో పూత ఆరడానికి రెట్టింపు సమయం వేసుకోండి. గుడ్డ బిగువు మారుతుంది. వదులైతే వెనక మూలల్లోని చెక్క మేకులు తేలిగ్గా తట్టాలి, వానల్లో గట్టిగా కొట్టేస్తే ఎండాకాలం గుడ్డ మరీ లాక్కుంటుంది. గోడకు ఆనించకుండా రెండు అంగుళాల సందు వదిలితే వెనక బూజు పట్టదు.

ఇది మాత్రం అందరూ పాటించాలి: లిన్‌సీడ్ తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటకు పోలేక దానంతటదే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి ముంచండి.

కావలి_కుంచె

అందరికీ ధన్యవాదాలు. ముక్క వానల్లోపు, పెద్దది సంక్రాంతి తర్వాత అనుకుంటున్నాను. చివరగా రెండు: సంతకం ఎలా? వార్నిష్ ఎప్పుడు?

ట్రంకురోడ్డు_బొమ్మలు

ముందు వైపు బ్యూకెలార్ పేరు గానీ, ఆయన గుర్తు గానీ వేయబాకండన్నా. వెనక చట్రం చెక్క మీద 'బ్యూకెలార్ 1569 చేపల బజారుకు నకలు' అని, మీ పేరు, సంవత్సరం, వాడిన రంగులు, నూనెలు రాయండి. తర్వాత ఎవరైనా బాగు చేయాల్సి వస్తే ఆ జాబితా పనికొస్తుంది. గుడ్డ వెనక వైపు సిరాతో రాస్తే ముందుకు ఊరుతుంది, చెక్క మీదే రాయాలి. పారిస్‌లోని లూవ్ర్‌లో కూర్చుని నకళ్లు తీసేవాళ్లకు అసలు కొలతలో వేయకూడదని నియమం ఉంది. మీది ఎలాగూ చాలా చిన్నది కాబట్టి ఆ పేచీ లేదు.

ఒంగోలు_ఈజిల్

వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు, మందమైన మెరుపులు ఉన్నచోట ఏడాది. పరీక్ష ఇది: దూది పుల్లకు మినరల్ టర్పెంటైన్ కొద్దిగా తడిపి, అంచున ముదురు ఎరుపు ఉన్నచోట మెల్లగా రుద్దండి. దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. అలిజరిన్, ఐవరీ బ్లాక్ ఆఖరున ఆరతాయి కాబట్టి అక్కడే చూడాలి, అంబర్ దగ్గర చూస్తే తప్పు లెక్క వస్తుంది. గాలిలో తేమ ఉన్న రోజుల్లో పూస్తే పొర తెల్లగా మబ్బు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పొడిగా ఉన్న రోజు చూసుకుని, బొమ్మను, వార్నిష్ సీసాను ముందురోజు నుంచే ఒకే గదిలో ఉంచి, 2 అంగుళాల మెత్తటి వెడల్పు కుంచెతో ఒకే దిశలో పలచగా ఒక్క పూత పూయండి. పూసినచోటికి కుంచె తిరిగి పోకూడదు. నాలుగు గంటలు పడుకోబెట్టే ఉంచి, తర్వాత గోడ వైపు కొంచెం వంచి నిలబెట్టండి, దుమ్ము వాలదు.

కావలి_కుంచె

సరే అన్నా. పలక మీద టోన్లు వేశాక ఫోటో ఇక్కడే పెడతాను, ముదురు ముద్దలు ఎక్కడ విడిపోయాయో చూసి చెప్పండి.